సీసం లేని పీజో సిరామిక్: మే ఎండలోనూ అంకె నిలవాలంటే

అనంతపురంలో మా ఇంటి గ్యాస్ లైటర్ పాడైతే పోయిన వేసవిలో దాన్ని విప్పి చూశాను. స్టీలు గొట్టం లోపల ఒక స్ప్రింగు, దాని ముందు సుత్తిలా కొట్టే చిన్న లోహపు ముక్క, ఆ దెబ్బ కాయడానికి ఒకదాని వెనక ఒకటిగా రెండు చిన్న బిళ్ళలు ఉన్నాయి. సుద్దముక్క కన్నా సన్నం, గోటితో గీకితే గీత పడదు. ఒకటి అంచున పగిలింది. పగిలిన చోట పింగాణీ కప్పు విరిగినట్టే గరుగ్గా ఉంది. మనం టిక్‌మనిపించినప్పుడల్లా వేల వోల్టులు పుట్టించి నిప్పురవ్వ రాల్చేవి ఆ బిళ్ళలే. వాటి బరువులో 60 శాతానికి పైగా సీసం.

పక్కనే నిలబడి చూస్తున్న మా అమ్మాయి, "సీసం లేకుండా దీన్ని చేసేశారని ఎక్కడో చదివాను కదా నాన్నా, మరి ఇంకా ఇదే ఎందుకు వాడుతున్నారు?" అని అడిగింది. నేను డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. క్లాసులోనూ ఇదే ప్రశ్న వస్తుంది. సీసం ఉన్న సిరామిక్‌ను మించిన సీసరహిత సిరామిక్ వచ్చిందన్న వార్తలు 20 ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి. వాటిలో చాలావరకు నిజమే. కానీ నొక్కితే ఎంత ఆవేశం ఇస్తుందో చెప్పే ఆ గొప్ప అంకెను ఎంత వేడిలో కొలిచారన్నది వార్తలో ఉండదు. చిక్కుముడి అక్కడే ఉంది.

నొక్కితే కరెంటు, కరెంటు ఇస్తే కదలిక

1880లో ఫ్రాన్స్‌లో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు క్వార్ట్జ్, టూర్మలిన్ వంటి స్ఫటికాలను నొక్కితే వాటి ముఖాల మీద విద్యుదావేశం చేరుతుందని చూపించారు. దీన్నే పీజోఎలక్ట్రిక్ ప్రభావం అంటారు. తిరగేసినా పని చేస్తుంది: వోల్టేజి ఇస్తే ఆ వస్తువు కంటికి కనపడనంత కొద్దిగా సాగుతుంది, ముడుచుకుంటుంది. ఆసుపత్రిలో స్కానింగ్ ప్రోబు శబ్దతరంగాలు పంపేదీ, తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని అందుకునేదీ ఈ రెండు గుణాలతోనే. కారు వెనక బంపర్‌లోని పార్కింగ్ సెన్సర్లలోనూ ఇదే. గుంతకల్లు దగ్గర రైలు పట్టాల మీద చిన్న ట్రాలీ తోసుకుంటూ, పట్టా మీదికి నీళ్లు కారుస్తూ వెళ్లే రైల్వే సిబ్బందిని మీరు చూసే ఉంటారు. పట్టా లోపల కంటికి కనపడని పగులును వెతికే అల్ట్రాసౌండ్ పరీక్ష అది. ఆ ప్రోబుల్లో ఉండేవీ పీజో బిళ్ళలే.

ఒక పదార్థం ఎంత బాగా పని చేస్తుందో చెప్పడానికి ఎక్కువగా వాడే కొలత డి33. ఒక న్యూటన్ బలంతో నొక్కితే ఎన్ని పికోకూలూంబుల ఆవేశం వస్తుందో అది చెబుతుంది. పికో అంటే లక్ష కోట్లలో ఒక వంతు. డి33 విలువ 400 ఉన్న బిళ్ళను 100 న్యూటన్ల బలంతో, అంటే సుమారు 10 కిలోల బరువుతో నొక్కితే 40,000 పికోకూలూంబులు వస్తాయి. సెన్సర్ ఆ ఆవేశాన్ని చూసి "100 న్యూటన్లు" అని చూపిస్తుంది.

ఇప్పుడు అదే బిళ్ళ 70 డిగ్రీలకు వేడెక్కి, దాని డి33 300కు పడిపోయిందనుకుందాం. అదే 100 న్యూటన్లకు 30,000 పికోకూలూంబులే వస్తాయి. 25 డిగ్రీల లెక్కతో తయారైన సెన్సర్ మాత్రం "75 న్యూటన్లు" అని చూపిస్తుంది. బిళ్ళ పగల్లేదు, వైరు తెగలేదు. అయినా చూపే అంకె తప్పు. మేలో మన దగ్గర గాలి 43 డిగ్రీలుంటే ఎండలో పట్టా 60 దాటుతుంది, అద్దాలు మూసి నిలిపిన కారు లోపలా అంతే. 70 డిగ్రీలు మన కర్నూలు, కడప, అనంతపురాల్లో ఏ ఫ్యాక్టరీ కొలిమిలోనో ఉండే వేడి కాదు.

మందలో గొర్రెలన్నీ ఒకవైపు చూడాలి

సిరామిక్ అంటే పొడిని అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చి గట్టిపరిచింది. లోపల లక్షల సన్నని స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. మనం మాట్లాడుకునే సిరామిక్‌లన్నిటికీ పరమాణువుల అమరిక ఒకే తీరు. చిన్న పెట్టె మూలల్లో పెద్ద పరమాణువులు (సీసం, బేరియం, పొటాషియం వంటివి), మధ్యలో చిన్న పరమాణువు (టైటానియం, నియోబియం వంటివి), చుట్టూ ఆక్సిజన్. దీన్ని పెరోవ్‌స్కైట్ అమరిక అంటారు. మధ్యలోని పరమాణువు సరిగ్గా నడుమన ఉండక కాస్త ఒక పక్కకు జరిగి ఉంటుంది. దాంతో పెట్టెకు ఒక వైపు ధన ఆవేశం, మరో వైపు రుణ ఆవేశం మొగ్గుతాయి.

పక్కపక్క పెట్టెల్లో ఈ మొగ్గు ఒకే దిశలో ఉంటే ఆ గుంపును డొమైన్ అంటారు. కాల్చి తీసిన సిరామిక్‌లో ఒక్కో డొమైన్ ఒక్కో వైపు చూస్తుంటుంది. బీడులో వదిలిన గొర్రెల మంద ఎటు పడితే అటు చూస్తూ మేస్తున్నట్టు. ఒకదాని ఆవేశం ఇంకొకదానితో కొట్టుకుపోతుంది, నొక్కినా బయటికి ఏమీ రాదు. అందుకే బిళ్ళను వేడి నూనెలో ముంచి, మిల్లీమీటరుకు వేల వోల్టుల చొప్పున కొంతసేపు ఇస్తారు. కాపరి అదిలించినట్టు డొమైన్లన్నీ దాదాపు ఒకే దిశకు తిరుగుతాయి. దీన్ని పోలింగ్ అంటారు. ఇది అయ్యాకే అది పీజో బిళ్ళ అవుతుంది.

వేడి పెంచుకుంటూ పోతే ఒక దశలో మధ్య పరమాణువు సరిగ్గా నడుమకు వచ్చేస్తుంది, మొగ్గు మాయమవుతుంది. ఆ వేడిని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు, పియరీ క్యూరీ పేరు మీదే. ఒకసారి అది దాటితే, చల్లార్చినా డొమైన్లు వాటంతటవే వరుసకు రావు. బిళ్ళ చచ్చినట్టే, మళ్లీ పోలింగ్ చేయాలి. కొన్ని పదార్థాలలో క్యూరీ ఉష్ణోగ్రతకు చాలా ముందే మంద చెదిరిపోతుంది. ఆ వేడిని డీపోలరైజేషన్ ఉష్ణోగ్రత అంటారు. కాబట్టి "మా పదార్థం క్యూరీ ఉష్ణోగ్రత 300 డిగ్రీలు" అంటే 300 దాకా బాగా పని చేస్తుందని అర్థం కాదు.

సీసం ఎందుకు వచ్చింది, పేచీ ఎక్కడ మొదలైంది

1954లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో జాఫె బృందం లెడ్ జిర్కొనేట్ టైటనేట్ ఎంత గొప్పగా పని చేస్తుందో బయటపెట్టింది. పరిశ్రమలో దీన్ని పీజడ్‌టీ అంటారు. 70 ఏళ్లుగా దీనిదే రాజ్యం.

సీసం మనిషికి ఎంత చేటో కొత్తగా చెప్పక్కర్లేదు. పిల్లల మెదడుకు ఇంతవరకు పరవాలేదు అనదగ్గ మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. యూరప్‌లో 2006 జులై నుంచి ఎలక్ట్రానిక్ పరికరాల్లోని ఏ పదార్థంలోనూ సీసం బరువులో 0.1 శాతం మించకూడదు. మన దేశపు ఈ-వేస్ట్ నిబంధనల్లోనూ పరిమితి అంతే. మరి 60 శాతం సీసమున్న బిళ్ళ ఎలా చెల్లుతోంది? ఎలక్ట్రానిక్ సిరామిక్‌లలోని సీసానికి మినహాయింపు ఇచ్చారు, సాటి వచ్చే బదులు పదార్థం లేదన్న కారణంతో. యూరప్‌లో ఆ మినహాయింపుకు గడువులు పెట్టి, సమీక్షించి, పొడిగిస్తూ వస్తున్నారు. ఆ సమీక్ష దగ్గర పడినప్పుడల్లా ఈ చర్చ మళ్లీ పత్రికలకెక్కుతుంది.

పీజడ్‌టీ గట్టు నిలువు, కొత్తవాటి గట్టు అడ్డం

మొత్తం కథలో అసలు పట్టు ఇదే, కాస్త నిదానంగా చూద్దాం.

ఒక కాగితం మీద పటం గీయండి. ఎడమ నుంచి కుడికి మిశ్రమం మారుతుంది: జిర్కోనియం తగ్గుతూ టైటానియం పెరుగుతుంది. కింది నుంచి పైకి వేడి పెరుగుతుంది. పీజడ్‌టీలో కుడి వైపు పొలంలో పెట్టెలు ఒక దిశగా సాగి ఉంటాయి, మొగ్గు 6 దిక్కుల్లో ఏదో ఒకటి కావచ్చు. ఎడమ వైపు పొలంలో పెట్టెలు మూల నుంచి మూలకు సాగి ఉంటాయి, అక్కడ 8 దిక్కులు. రెండు పొలాల మధ్య గట్టు ఉంది. జిర్కోనియం 52, టైటానియం 48 పాళ్ల దగ్గర ఆ గట్టు మీద నిలబడితే 6, 8 కలిపి 14 దిక్కులు అందుబాటులోకి వస్తాయి. ఏ వైపు నొక్కినా పరమాణువు సులభంగా తిరగగలదు. అందుకే అక్కడ డి33 ఎక్కువ.

పీజడ్‌టీ అదృష్టమేమిటంటే, ఆ గట్టు పటంలో దాదాపు నిలువుగా ఉంది. మీరు గట్టు మీద నిలబడ్డారు. వేడి 20 నుంచి 100 డిగ్రీలకు పెరిగితే పటంలో నేరుగా పైకి నడిచినట్టు. అయినా గట్టు మీదే ఉంటారు.

సీసం లేని వాటిలో ఎక్కువ భాగానికి గట్టు అడ్డంగానో ఏటవాలుగానో ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర గట్టు మీద నిలబడితే డి33 పీజడ్‌టీతో సమానంగానో ఎక్కువగానో వస్తుంది. వార్తకెక్కేది ఆ అంకె. ఓ 30 డిగ్రీలు వేడెక్కితే మీరు గట్టు దిగి పొలంలో పడతారు, డి33 పడిపోతుంది. ప్రయోగశాలలో ఏసీ గదిలో గెలిచిన పదార్థం మే మధ్యాహ్నం ఓడిపోవడానికి కారణం ఇదే.

పీజడ్‌టీకి మాత్రం అన్నీ కలిసొచ్చాయని కాదు. పీజడ్‌టీ-5హెచ్ అనే మెత్తని (అంటే డొమైన్లు తేలిగ్గా తిరిగే) రకానికి డి33 సుమారు 590, క్యూరీ ఉష్ణోగ్రత 190 పైచిలుకు. పీజడ్‌టీ-4 అనే గట్టి రకానికి డి33 290, క్యూరీ ఉష్ణోగ్రత 328. అంకె పెంచుకుంటే వేడికి తట్టుకునే గుణం తగ్గుతుంది. సీసం ఉన్నా ఈ రాజీ తప్పదు, లేకపోతే అది ఇంకా కఠినం.

మంగంపేట ముగ్గురాయికి దీనితో చుట్టరికం

సీసం లేని పీజో సిరామిక్‌లలో మొదటిది బేరియం టైటనేట్. పీజడ్‌టీ కన్నా ముందే, 1940లలోనే వచ్చింది. ఇందులోని బేరియానికి మూలం బెరైటీస్, మన వాడుకలో ముగ్గురాయి. ఉమ్మడి కడప జిల్లా మంగంపేట గని ప్రపంచంలోనే అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి. అందులో ఎక్కువ భాగం చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బరువైన బురదలోకి పోతుంది. కానీ అదే రాయిని బొగ్గుతో కలిపి కాల్చి బేరియం సల్ఫైడ్, దాన్నుంచి బేరియం కార్బొనేట్ తీస్తారు. దానికి టైటానియం డయాక్సైడ్ కలిపి కాలిస్తే బేరియం టైటనేట్.

దీని డి33 సుమారు 190. క్యూరీ ఉష్ణోగ్రత 120-130 డిగ్రీల దగ్గరే. పైగా 5 డిగ్రీల చుట్టుపక్కల స్ఫటిక రూపం ఒకసారి మారుతుంది. అంటే చలికీ పేచీ, వేడికీ పేచీ.

అయినా వేడికి నిలబెట్టడం అసాధ్యం కాదని ఇదే పదార్థం వేరే చోట రుజువు చేసింది. మీ ఫోన్‌లో వందల కొద్దీ ఉండే చిన్న కెపాసిటర్లు (ఆవేశాన్ని నిల్వ ఉంచే భాగాలు) చాలావరకు బేరియం టైటనేట్‌వే. ఎక్స్7ఆర్ అనే రకం మైనస్ 55 నుంచి 125 డిగ్రీల దాకా తన విలువను 15 శాతం లోపే మారనివ్వాలి. ప్రతి రేణువు నడుమ శుద్ధ బేరియం టైటనేట్ ఉంచి, చుట్టూ వేరే మూలకాలు కలిసిన పెంకు ఏర్పడేలా కాలుస్తారు. నడుమది ఒక వేడిలో, పెంకు మరో వేడిలో బాగా పని చేసి, మొత్తం మీద సమం చేస్తాయి. కెపాసిటర్‌కు పోలింగ్ అక్కర్లేదు కాబట్టి అక్కడ పని సులువైంది. పీజో బిళ్ళలో డొమైన్ల వరుస కూడా చెదరకూడదు.

బరిలో ఉన్న మిగతా కుటుంబాలు

పొటాషియం సోడియం నియోబేట్, పొట్టిగా కేఎన్ఎన్. క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 420 డిగ్రీలు, చూడ్డానికి భేష్. మామూలుగా కాలిస్తే డి33 80-100 మాత్రమే. దీని గట్టు 200 డిగ్రీల దగ్గర అడ్డంగా ఉంది. లిథియం, టాంటలం, యాంటిమొనీ కలిపి ఆ గట్టును గది వేడికి దించితే డి33 ఒక్కసారిగా పెరుగుతుంది. 2004లో టొయోటా పరిశోధకులు ఈ దారిలో వెళ్లి, రేణువులన్నీ ఒకే దిశలో పెరిగేలా కూడా చేసి 416 సాధించారు. సీసరహిత పరిశోధన పోటెత్తింది అప్పటి నుంచే. గట్టును గది వేడికి దించడమంటే ఎక్కువ మార్పు వచ్చే చోటును సరిగ్గా మనం బతికే వేడికే తెచ్చి పెట్టుకోవడం. లాభం, నష్టం రెండూ ఒకే పనిలో వచ్చాయి.

కేఎన్ఎన్ తయారీలో ఇంకో తలనొప్పి ఉంది, చేసి చూసినవాళ్లకు బాగా తెలుస్తుంది. ముడిసరుకులో పొటాషియం కార్బొనేట్ ఒకటి. ఓవెన్‌లో ఎండబెట్టి తీసి డిజిటల్ తక్కెడ మీద పెడితే చూస్తుండగానే అంకె పైకి పాకుతుంది. గాలిలోని తడిని అంత ఆత్రంగా పీల్చుకుంటుంది, వానాకాలంలో ఉప్పు డబ్బాలాగా. తడిని పొటాషియం అనుకుని తూచితే మిశ్రమం పాళ్లు తప్పుతాయి, గట్టు పక్కకు జరుగుతుంది. కాల్చేటప్పుడు పొటాషియం, సోడియం కొంత ఆవిరైపోతాయి కూడా. ఒకే రెసిపీతో రెండు చోట్ల చేసినా ఒకే బిళ్ళ రాదు.

బిస్మత్ సోడియం టైటనేట్ ఇంకో కుటుంబం. ఎక్కువ బలంతో, ఎక్కువ కంపనంతో పని చేయించే చోట్ల ఇది గట్టిది. కానీ బేరియం టైటనేట్ 6 శాతం కలిపి గట్టు మీదకు తెస్తే మంద 100 డిగ్రీల దగ్గరే చెదురుతుంది.

2009లో ల్యూ, రెన్ అనే శాస్త్రవేత్తలు బేరియం టైటనేట్‌లో జిర్కోనియం, కాల్షియం కలిపి డి33 620 తెచ్చారు. పీజడ్‌టీ-5హెచ్‌ను దాటేసింది! క్యూరీ ఉష్ణోగ్రత 93 డిగ్రీలు. ఆ రెండో అంకె కనపడక "సీసానికి సెలవు" అనుకున్నవాళ్లు ఎందరో.

వేడికి నిలబెట్టే ఉపాయాలు

ఒకటి, గట్టును గది వేడి కన్నా బాగా కిందికి నెట్టేయడం. డి33 శిఖరం పోతుంది, కానీ వాడుకునే వేడిలో పెద్ద ఎగుడుదిగుళ్లు ఉండవు. మరొకటి, కేఎన్ఎన్‌లో జిర్కొనేట్‌లు, బిస్మత్ సమ్మేళనాలు కలిపి గట్టునే నిలువుగా తిప్పే ప్రయత్నం. లేదంటే గీతలా ఉన్న గట్టును వెడల్పాటి బాటలా పరిచేయడం: స్ఫటిక రూపం ఒక్క వేడి దగ్గర ఠక్కున మారకుండా, పదుల డిగ్రీల మేర మెల్లగా మారేలా. బిస్మత్ కుటుంబంలో జింక్ ఆక్సైడ్ రేణువులు కలపడం, కాల్చిన బిళ్ళను కొలిమి నుంచి తీసి చటుక్కున చల్లార్చడం డీపోలరైజేషన్ వేడిని పైకి జరుపుతున్నాయి.

నాకు బాగా నచ్చింది పొరల పద్ధతి. వేర్వేరు వేడుల దగ్గర గట్టున్న మిశ్రమాలను పొరలుగా పేర్చి ఒకే బిళ్ళగా కాలుస్తారు. ఊహించిన అంకెలతో చూద్దాం. మొదటి పొర 20 డిగ్రీల దగ్గర 400 ఇచ్చి, 50 దగ్గర 300కు, 80 దగ్గర 220కి పడుతుంది. రెండోది వరుసగా 320, 400, 300. మూడోది 240, 320, 400. మూడూ సమానంగా పని పంచుకుంటే 20 డిగ్రీల దగ్గర సగటు 320, 50 దగ్గర 340, 80 దగ్గర 307. మొదటి పొర ఒక్కటే ఉంటే 45 శాతం పడిపోయేది. ఇప్పుడు హెచ్చుతగ్గులు 10 శాతం లోపు. బదులుగా 400 అనే శిఖరాన్ని వదులుకున్నాం. పొరల మధ్య పగుళ్లు రాకుండా కాల్చడం, కొలిమిలో ఒక పొరలోది ఇంకో పొరలోకి పాకకుండా చూడడం ఇందులో కష్టమైన పని.

"స్థిరంగా ఉంది" అన్నప్పుడు ఎలా కొలిచారు?

పరిశోధకుల మధ్య నిజమైన వాదన ఇక్కడుంది. ఎక్కువ మంది చేసేది ఇది: బిళ్ళను ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర అరగంట ఉంచుతారు, బయటికి తీసి చల్లార్చి, గది వేడిలో మీటర్‌కు బిగించి కొలుస్తారు. ముందు 350 ఉండి, తర్వాత 345 వస్తే "100 డిగ్రీల దాకా స్థిరం" అని రాస్తారు. మిట్టమధ్యాహ్నం మంద చెల్లాచెదురైనా, సాయంత్రం దొడ్డికి చేరాక లెక్కపెట్టి "కదలనే లేదు" అన్నట్టుంది ఇది. డొమైన్ల వరుస శాశ్వతంగా చెదరలేదని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది. 100 డిగ్రీల్లో ఉండగా డి33 ఎంతో చెప్పదు. వేడిలో ఉండగానే కొలవాలంటే పరికరం ఖరీదు, పని నిదానం. కానీ పట్టా మీద, ఇంజిన్ పక్కన బిళ్ళ పని చేసేది వేడిలో ఉండగానే.

చల్లార్చి కొలిచే పద్ధతిని సమర్థించేవాళ్ల మాటలోనూ పస ఉంది. వందల మిశ్రమాల్లోంచి పనికిరానివాటిని తీసేయడానికి అది త్వరగా, చవకగా తేలే జల్లెడ. నా మట్టుకు, జల్లెడ ఫలితాన్ని తుది ఫలితంగా రాయడమే తప్పు, జల్లెడ పట్టడం కాదు.

ఇంకో మెలిక. కొద్దిపాటి వోల్టేజితో కొలిచిన డి33 వేరు, పెద్ద వోల్టేజి ఇచ్చి ఎంత సాగిందో కొలిచేది వేరు. పెద్ద వోల్టేజి డొమైన్లను బలవంతంగా వరుసలో పట్టి ఉంచుతుంది కాబట్టి రెండోది వేడికి అంతగా చలించకపోవచ్చు. కొన్ని కేఎన్ఎన్ రకాలు అలాగే మెప్పించాయి. పెద్ద వోల్టేజితో బిళ్ళను సాగదీసి ఇంధనం చిమ్మే డీజిల్ ఇంజెక్టర్ లాంటి చోట కావలసింది అదే, కాబట్టి అక్కడ ఆ ఫలితం నిజంగా విలువైనది. సెన్సర్‌కు మాత్రం దానితో పని లేదు.

సీసం తీసేస్తే చాలా?

సీసం సిరామిక్‌లో గట్టిగా బంధించి ఉంటుంది, వాడేవాళ్లకు అంటదు, మరి తొందరేమిటి అనేది ఒక వాదన. వాడేవాళ్ల మేరకు నిజం. కానీ పీజడ్‌టీని 1,200 డిగ్రీల పైన కాలుస్తారు. ఆ వేడికి లెడ్ ఆక్సైడ్ ఆవిరవుతుంది, అది కొలిమి దగ్గరి కార్మికుడి సమస్య. పాత పరికరాలను సందుల్లో పగలగొట్టి, కాల్చి, లోహాలు ఏరుకునే చోట అది అక్కడి పిల్లల సమస్య.

మరోవైపు, బదులు పదార్థాలూ ఉత్త పుణ్యానికి రావు. ప్రపంచ నియోబియంలో దాదాపు 90 శాతం బ్రెజిల్ నుంచే వస్తుంది. గని నుంచి పొడి దాకా లెక్క వేస్తే కేఎన్ఎన్ పర్యావరణ భారం పీజడ్‌టీని మించుతుందని 2016లో వచ్చిన ఒక జీవితచక్ర అధ్యయనం తేల్చింది. బిస్మత్‌లో చాలా భాగం సీసం శుద్ధి చేసేటప్పుడు ఉపఉత్పత్తిగా దొరికేదే. ఈ లెక్కలు సీసం విషాన్ని తగ్గించి చూపవు. "సీసరహితం" అన్న ముద్ర చూసి అంతా శుభ్రమనుకోవద్దని చెబుతాయి, అంతే.

మళ్లీ లైటర్ దగ్గరకు

లైటర్‌కు కావలసింది ఆవేశం కాదు, వోల్టేజి. చెంబెడు నీళ్లు గంగాళంలో పోస్తే అడుగు తడుస్తుంది, సన్నని గొట్టంలో పోస్తే పైకి ఎక్కుతుంది. ఆవేశం నీళ్లయితే, పదార్థం విద్యుత్తును నింపుకునే గుణం పాత్ర వెడల్పు. పీజడ్‌టీ వెడల్పాటి పాత్ర. మామూలు కేఎన్ఎన్ డి33 తక్కువైనా దాని పాత్ర చాలా సన్నం. భాగించి చూస్తే వోల్టేజి విషయంలో రెండూ దాదాపు ఒక స్థాయిలోనే ఉంటాయి. 7 మిల్లీమీటర్ల వ్యాసం, 15 మిల్లీమీటర్ల పొడవున్న బిళ్ళ మీద 500 న్యూటన్ల దెబ్బ పడితే ఏదైనా సుమారు 5,000 వోల్టులు ఇవ్వగలదు. వంటింటి వేడిలో అటూ ఇటూ 10 శాతం తేడా వచ్చినా రవ్వ రాలుతుంది, మంట అంటుకుంటుంది.

మా అమ్మాయికి ఆ లెక్క కాగితం మీద వేసి చూపించాను. "మరైతే లైటర్‌కు వేడి అడ్డం కాదుగా?" అంది. కాదు. ఇక్కడ అడ్డం ధర: నియోబియం పొడి ఖరీదు, పది బిళ్ళలు కాలిస్తే పదీ ఒకేలా రాకపోవడం. గుంతకల్లు పట్టా మీది ప్రోబుకు, ఇంజిన్ పక్కన కూర్చునే సెన్సర్‌కు మాత్రం అడ్డం ఇంకా ఆ ఏటవాలు గట్టే.